విస్తరి ముందు నుంచి లేపిన ఆదివారం

మొన్న మా మనుమరాలు చదివే కాలేజీలో పిల్లల తల్లిదండ్రులను, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లను కూడా శని, ఆదివారాలు వచ్చి తమతో గడపమని పిలిచారు. కొడుకూ కోడలూ నన్నూ కారెక్కించుకొని పోయారు. గేటు దగ్గరే ఒక ఆడపిల్ల ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకొని ఫ్యాను కింద కుర్చీ చూపించి, అడగకుండానే మంచినీళ్లు తెచ్చిచ్చింది. మధ్యాహ్నం అందరూ పళ్లేలు పట్టుకొని వరుసలో నిలబడ్డారు. ఆఫీసరెవరో, ఆటో నడిపేవాడెవరో చూపులకు తెలియలేదు. మంచి ఏర్పాటే. అయినా నాకు ముద్ద దిగలేదు. ఇన్నేళ్లయినా ఇటువంటి చోట తినడానికి కూర్చుంటే నా కళ్లు ముందుగా తలుపు వైపు పోతాయి, ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనని.

నా ఈడు వాళ్లకు ఆ రోజుల సంగతి వేరే చెప్పనక్కర లేదు. డెబ్బైల నడుమ దుబ్బాక నుంచి సిద్దిపేటకు డిగ్రీ చదవడానికి వచ్చి హాస్టల్లో చేరినదాన్ని. మా సాలోళ్ల వాడలో అంతదాకా చదివిన ఆడపిల్ల నాకు ముందు లేదు. బాపు మగ్గం మీద కూర్చుంటే లోకంలో ఏమవుతున్నదో పట్టని మనిషి. పక్కింట్లో కొట్లాటైనా, వీధిలో బారాత్ పోయినా ఆయన చేతిలో నాడె ఆగేది కాదు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం; ఆమె అట్లా కాదు. బీడీలు చుట్టుకుంటూ వాడ ముచ్చట్లన్నీ వినేది, ఎవరు ఎవరిని ఎప్పుడు ఏమన్నారో ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకునేది. మా మేనత్త ఏదో పెళ్లిలో అవ్వకు బొట్టు పెట్టడం మరిచిందట; నాకు తెలివి వచ్చినప్పటి నుంచి ఆ సంగతి వింటూనే పెరిగాను. నేను చదువులో బాపును పోలానని అందరూ అనేవాళ్లు. మిగతా అన్నింట్లో అవ్వనే.

మా హాస్టల్లో ఏడాదికొకసారి, దసరా సెలవులకు ముందర, తల్లిదండ్రులను పిలిచేవాళ్లు. శనివారం పాటలూ ఆటలూ, ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. ఊర్ల వాళ్లు పని చెడగొట్టుకొని రెండు రోజులు ఉండలేరు కనుక ఆదివారమే వచ్చేవాళ్లు. నేను చేరిన ఏడు అవ్వా బాపూ మొదటి బస్సుకే వచ్చారు. బాపు ఉతికిన ధోవతి కట్టి, తానే నేసిన కండువా వేసుకున్నాడు. అవ్వ ఒక డబ్బా నిండా సర్వపిండి ముక్కలు తెచ్చి నా గదిలోని పిల్లలందరికీ పంచింది. నా మంచం, నా పుస్తకాలు, కిటికీలో నుంచి కనిపించే రోడ్డు, అన్నీ చూసి, మా గదిలోనే ఉండే దౌల్తాబాద్ రైతు బిడ్డను దగ్గరికి తీసుకొని, నువ్వూ నా బిడ్డవే అన్నది.

భోజనాల వేళ హాల్లో మోదుగాకు విస్తళ్లు వరసగా పరిచి ఉన్నాయి. కూర్చొమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. అవ్వా బాపూ పోయి ఒక మూల కూర్చున్నారు. వడ్డించే పిల్ల బగారన్నం వడ్డించింది, వంకాయ కూర వేసింది, పక్కన ఒక పూర్ణం భచ్చం పెట్టింది. అవ్వ అన్నం కలిపింది. అప్పుడు మా వార్డెన్ మేడం వచ్చింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మెత్తగా, నవ్వు మొగంతోనే అన్నది.

"మీకు వెనకాల పెట్టించానమ్మా. ఇది ఆఫీసర్ల ఫ్యామిలీలకు. లేవండి."

అవ్వకు మొదట అర్థం కాలేదు. కలిపిన అన్నం చూపించి, "ఏసిన్రు గద మేడం, తిని లేస్తం" అన్నది.

"వాళ్లు వచ్చేశారు. లేవండి, త్వరగా."

విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపడమంటే ఏమిటో మా తరానికి తెలుసు. పగవాడైనా తినేదాకా ఆగేవాళ్లు. పాలివాళ్లు గట్టు తగాదాకు కర్రలు పట్టుకొని వచ్చి, ఎదుటివాడు అన్నం తింటున్నాడని తెలిసి వాకిట్లో కూర్చొని ఎదురుచూశారని మా తాత చెప్పేవాడు. అటువంటిది, బిడ్డ చదివే చోట, బిడ్డ చూస్తుండగా, హాలు నిండా జనం తలలు తిప్పి చూస్తుండగా, మా అవ్వ మెతుకులంటిన చేత్తో లేచి నిలబడింది. బాపు కండువాతో మొగం తుడుచుకుంటూ లేచాడు. వెనకాల, అంట్లు తోమే జాగలో, ఊర్ల నుంచి వచ్చిన వాళ్లకు మేం రోజూ తినే పురుగుల బియ్యం అన్నమూ నీళ్ల చారూ పెడుతున్నారు. అవ్వ అక్కడి నల్లా కింద చెయ్యి కడుక్కొని, తినకుండానే బస్టాండుకు నడిచింది. నేను ఏడుస్తూ వెంట పోయాను. దుబ్బాక బస్సు కదలబోతుంటే కిటికీలో నుంచి వంగి నా తల నిమిరి చెప్పింది.

"ఏడ్వకు బిడ్డా. సదువు ఇడ్వకు. గని గీ అన్నం ముచ్చట మర్వకు."

కొందరు తల్లులు ఓర్పు నేర్పుతారు. మా అవ్వ నాకు ఇది నేర్పింది. అందుకు ఈనాటికీ ఆమెకు మొక్కుతాను.

నేను మరువలేదు. పగ మనిషిని కాల్చేస్తుందని పెద్దలు అంటారు గానీ, ఆ ఏడంతా అది నన్ను వేళకు లేపింది, చదివించింది, నోరు అదుపులో పెట్టింది. వార్డెన్ మేడంకు నా అంత వినయమైన పిల్ల లేదు. ఆమె జడకు మల్లెలు అల్లిచ్చాను. ఆమె బట్టలు ఇస్త్రీ చేశాను. ఆమె ఏదైనా మరిచిపోతే నేను గుర్తు చేశాను. నన్ను మెస్ చూసే పిల్లల్లో వేసింది, తర్వాత వాళ్లకు పెద్దను చేసింది. నా గది పిల్ల నన్ను చూసి విసుక్కొని, అంత జరిగినా సిగ్గు లేదా అని రెండు నెలలు నాతో మాట మానేసింది. చివరికి ఆమెకు ఒక్కదానికే సంగతి చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు నా మొగం చూసి, పక్క మీద వెల్లకిలా పడి నవ్వింది.

మరుసటి ఏడు ముఖ్య అతిథిగా ఒక పెద్ద అధికారి భార్య వస్తున్నదని తెలిసింది. సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వను ఈసారి తప్పకుండా రమ్మన్నాను. బాపు మాత్రం రానని తల అడ్డంగా ఊపాడు. అవ్వ బీడీకి దారం చుడుతూ, తల ఎత్తకుండానే, ఏం జేస్తవే అని అడిగింది. వచ్చినంక చూస్తవు అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

నాకు ఉన్న భయం ఒక్కటే, వంట చేసే పెద్దమ్మ గురించి. ఆమె మంచిది, ముగ్గురు పిల్లల తల్లి. నింద ఆమె మీద పడితే ఉద్యోగం పోతుంది. అందుకని నేనే మేడంతో, అతిథికి ఎదురు పోయేటప్పుడు పూల పళ్లెం పట్టుకొని పెద్దమ్మ పక్కన ఉంటే నిండుగా ఉంటుందని చెప్పి ఒప్పించాను. ఆ విధంగా భోజనాలు అయ్యేదాకా పెద్దమ్మ మేడం కళ్ల ముందే ఉన్నది. వంటింట్లో మెస్ చూసే పిల్లలం మేమే ఉన్నాము. ఇక చేసిందేమీ పెద్ద విద్య కాదు. బగారన్నం వండిన గంజు, కూరలు, భచ్చాల గంప వెనక్కి పంపాము. రోజువారీ అన్నమూ చారూ బకెట్లలో పోసుకొని హాల్లోకి తెచ్చాము. వెనకాల కూర్చున్న ఊర్ల వాళ్లు భచ్చాలు చూసి, మన పిల్లలను బాగనే సూసుకుంటున్నరు అని మెచ్చుకున్నారట.

అతిథి మధ్యన కూర్చున్నది. అటూ ఇటూ ఆఫీసర్ల కుటుంబాలు, పెద్ద పెద్ద వ్యాపారుల కుటుంబాలు. నేనే స్వయంగా ఆమె విస్తట్లో అన్నం వడ్డించాను. చారు పోస్తే అది అన్నంలో ఆగక విస్తరి దాటి పారింది. ఆమె వేలితో అన్నం కదిలించి, ఒక పురుగును పక్కకు తీసి పెట్టింది. మేడం మొగం తెల్లబడింది. పరుగున వచ్చి, పొరపాటు జరిగిందండీ, పిల్లలు బకెట్లు మార్చేశారు అంటూ నా చేతిలోని గరిటె లాక్కోబోయింది.

"పొరపాటు కాదు మేడం," అన్నాను. ఎన్నోసార్లు లోలోపల చెప్పుకున్న మాటలు అవి. "మేం రోజూ తినేది ఇదే. మా బతుకు చూసిపోదామనే గద అందరు వచ్చిన్రు."

అతిథి నన్ను చూసింది, మేడంను చూసింది. నిజమేనా అని పక్కన నిలబడ్డ పిల్లలను అడిగింది. నా గది పిల్ల ముందు అవునన్నది, తర్వాత అందరూ అన్నారు. అప్పుడామె చారన్నం ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకొని, నెమ్మదిగా మింగి, తన పక్కనున్న విస్తరి చూపించి, మీరూ కూర్చోండి, కలిసి తిందాం అన్నది మేడంతో. కాదనడానికి వీలు లేని మాట అది. మేడం కూర్చున్నది. నేను వడ్డించాను. ఆమె చెయ్యి అడ్డం పెడితే, ఇంకొంచెం వేసుకోండి మేడం అని వేళ్ల సందుల్లో నుంచే చారు పోశాను. ఆమె సగంలో లేవబోయింది.

అప్పటికి వెనక తలుపు దగ్గరికి అవ్వ వచ్చి నిలబడి ఉన్నది. అక్కడి నుంచే అన్నది.

"తినమ్మా, తిను. నడుమల లేవకు. ఇస్తారి ముందలకెల్లి లేస్తే మంచిది గాదు."

అతిథి తల తిప్పి ఎవరమ్మా నువ్వు అని అడిగింది.

"గీ పిల్ల తల్లిని. పోయినేడు గీ మూలకే కూసున్న. అన్నం కలిపినంక లేపిన్రు."

మేడం లేవకుండా తల వంచుకొని ఇంకో ముద్ద కలిపింది. అతిథి జరిగి చోటు చేసి, ఇట్లా వచ్చి కూర్చో అమ్మా అని పిలిచింది. అవ్వ కదల్లేదు.

"వద్దు తల్లీ. నా ఇస్తారి ఎనుక ఏసిన్రు. ఇయ్యాల మంచి బువ్వ గాడనే ఉన్నది."

అని చెప్పి తిరిగి పోయింది. నేను తలుపు సందులో నుంచి చూశాను; అంట్ల జాగలో బాసింపట్టు వేసుకొని కూర్చొని, తొందర లేకుండా, భచ్చం తుంచుకొని తుంచుకొని తిన్నది. ఆ తర్వాత నా పెళ్లి చూశాను, నా బిడ్డల పెళ్లిళ్లు చూశాను. అవ్వ అంత తృప్తిగా తినడం మళ్లీ ఎన్నడూ చూడలేదు.

ఇంత చేసినందుకు ఊరికే పోలేదు. నాలుగు రోజులకు ప్రిన్సిపాల్ బాపును పిలిపించారు. పిల్ల మేడంకు క్షమాపణ చెబితే హాస్టల్లో ఉంచుతామని, లేకపోతే పంపించేస్తామని చెప్పారు. బాపు చేతులు కట్టుకొని నిలబడి విన్నాడు. ఆయన ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

"చెప్తది సారు," అన్నాడు. "గని ముందుగాల ఆ మేడం మా ఇంటిదానికి చెప్పాలె."

మేడం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా ట్రంకు పెట్టె బాపు నెత్తిన పెట్టుకున్నాడు. పాత బజారు వైపు ఒక ముస్లింల ఇంట్లో ముందరి గది కిరాయికి దొరికింది. నా గది పిల్ల కూడా హాస్టల్ వదిలి నాతోనే వచ్చేసింది. ఆ ఇంటి ఆమెకు సంగతంతా చెబితే, అచ్ఛా కియే బేటీ, మంచి పని చేసినవ్ అని నా వీపు తట్టి, ఆ పూట మాకు తనే వండి పెట్టింది. మేడంను ఆ ఏడు తిరగకుండానే వేరే ఊరికి మార్చారు. ఎక్కడికి పోయిందో, ఏమైందో తెలియదు. క్షమించావా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాను. ఆమె చేతివేళ్ల సందుల్లో నుంచి చారు కారిపోవడం తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది.

ఆ రోజు పెట్టె దించి బస్టాండు దాకా బాపుతో నడిచాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన మెల్లగా అడిగాడు.

"ఆ మేడం కడుపు నిండ తిన్నదా?"

తిన్నది బాపూ, నేనే వడ్డించిన అన్నాను.

"గట్లయితె మంచిదే. మనం ఆకలి మీద లేపలే."

ఇదంతా మొన్న తిరిగి వచ్చేటప్పుడు కారులో మా మనుమరాలికి చెప్పాను. బుద్ధిగానే విన్నది. విని, అంత బాధ ఎందుకు నాయనమ్మా, లేచి ఇంకో దగ్గర కూర్చొని తింటే అయిపోయేది కదా అన్నది. కొంటెగా అన్న మాట కాదు, నిజంగానే అర్థం కాలేదు దానికి. విస్తరి అంటే ఏమిటో, అందులో కలిపిన అన్నాన్ని వదిలి లేవడమంటే ఏమిటో నేను ఎట్లా చెప్పేది? దానికి తెలియకపోవడమే మంచిదని నా మనసుకు తెలుసు. ఆ అవమానం దాకా ఎన్నడూ పోకుండా అది పెరిగిందంటే మేం కోరుకున్నది అదే. కానీ అవ్వ పోయింది, బాపు పోయాడు, దౌల్తాబాద్ పిల్ల కూడా నిరుడు పోయింది. నా కోపం ఏమిటో చెప్పకుండానే తెలిసిన వాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు. అవును లే బిడ్డా, అయిపోయేది అని దాని తల నిమిరి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.