గోవిందన్న గ్లౌజు

నవ్వండి, ఫర్వాలేదు. నేను నోరు తెరిస్తే నవ్వడం మీకు అలవాటే. కానీ ఇది మాత్రం నా రెండు చేతుల మీద ఒట్టు... జరిగింది.

సేదరపేట్‌లో స్టీలు మూతలు కొట్టే కంపెనీ మాది. గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద రాస్తారు. నెలాఖరు దాకా ఆ అంకె చెరగకపోతే అందరికీ బిర్యానీ. అందుకే మా దగ్గర ఎవరి వేలూ మిషన్లో నలగదు. అన్నీ ఇంటి తలుపు సందులోనే నలుగుతాయి. గోవిందన్న చూపుడు వేలు వంకర పోయిందీ తలుపు వల్లేనట. వాళ్ల ఊరు బాహూరు తలుపులంత పొగరు తలుపులు ఇంకెక్కడా ఉండవు.

ఆ రాత్రి మూతలు కొట్టే పెద్ద ప్రెస్సు మీద నేనూ, గోవిందన్నా. ఒక రేకు ఇరుక్కుంది. అన్న చెయ్యి లోపల పెట్టి లాగాడు. చెయ్యి బయటికొచ్చింది... గ్లౌజు లోపలే చిక్కుకుంది. అంతలో కరెంటు పోయింది.

తడుముకుంటూ వెళ్లి మెయిన్ స్విచ్ దించేశాను. ప్రెస్సు చక్రం తిరిగి... తిరిగి... ఆగింది. బయట కుక్క కూడా అరవడం లేదు.

అప్పుడు... ఉస్స్...

ఎవరో మెల్లగా ఊపిరి వదిలినట్టు.

వెంటనే... ధన్!

కాళ్ల కింద నేల అదిరింది. సెల్ లైటు వేశాను. ప్రెస్సు కిందికి దిగి ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. అన్న నా పక్కనే, నా చొక్కా పట్టుకుని ఉన్నాడు.

"ఏందిరా అది..."

నా చేతిలోంచి సెల్ జారింది. వంగి తీసుకున్నాను. మళ్లీ లైటు వేశాను.

ప్రెస్సు... పైకి లేచి ఉంది.

ఈసారి చప్పుడే లేదు. కింద గ్లౌజు. అప్పడంలా. ఐదు వేళ్లూ విడివిడిగా పరుచుకుని...

చెయ్యి పెట్టలేదు. ఇనుప కడ్డీతో లాగాను.

"ఎవురికీ చెప్పబాకరా. రేపే బిర్యానీ. బోర్డు చెరిపేస్తే మనల్ని నమిలేస్తారు."

"పొద్దున షిఫ్టుకి దీని మీదికి లక్ష్మక్క వస్తాది కదన్నా."

"ఏమని చెప్తావు? దెయ్యం దిగిందనా? నీ మాట ఎవుడు నమ్ముతాడు? సుమ్మా ఉండు, నోరెత్తబాక."

నిజమే, ఎవరు నమ్ముతారు? కానీ లక్ష్మక్క రోజూ డబ్బా తెరవగానే మొదటి మురుకు నాకే ఇస్తుంది. ఆ చాచిన చెయ్యే కళ్ల ముందు ఆడింది.

తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను, యానాం ఆయన. నన్ను చూడగానే, "ఏంటయ్యా, మళ్లీ జోకా?" అన్నాడు.

గ్లౌజు బల్ల మీద పెట్టాను.

"ఏం జరిగిందో తెలీదు సార్. చూసింది చెప్తున్నా. లక్ష్మక్కని దాని మీద నిలబెట్టొద్దు."

ఆయన గ్లౌజు చూశాడు. తర్వాత నా వేళ్లు చూశాడు. వెళ్లి స్విచ్‌కి తాళం వేశాడు.

పొద్దున మెకానిక్ విప్పి చూస్తే బ్రేకు అరిగిపోయింది.

"బోర్డు చెరుపుతారా సార్?" అని గొణిగాడు గోవిందన్న.

"ఎవరికీ దెబ్బ తగల్లేదుగా, ఎందుకు చెరుపుతాం? తగలకముందే చెప్పండనేగా మొత్తుకునేది!"

అన్న తన వంకర వేలు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు... "సార్, దీన్ని నలిపింది మా ఇంటి తలుపు కాదు."

అంతా బాగానే ఉంది. బ్రేకు అరిగితే ప్రెస్సు దిగుతుంది, ఒప్పుకున్నాను. కరెంటు లేకుండా పైకెలా లేచిందని మెకానిక్‌ని అడిగాను.

"లేవదు. నువ్వు సరిగ్గా చూసుండవు" అన్నాడు.

సరే... నేను చూడలేదు.

మరి ప్రెస్సు లేవకపోతే, దాని కింద నలిగిన ఆ గ్లౌజు బయటికెలా వచ్చింది?