అవ్వ కోసం ఆగిన చిన్న బండి

ఈరోజు ఆదివారం. పొద్దున్నే ఫోన్ తెరవగానే ఆశ్చర్యం, మా ఊరి రైల్వే స్టేషన్ ఫోటో! పాత రాతిగోడలకు కొత్త సున్నం, ముందు ‘వారసత్వ స్టేషన్’ అని బోర్డు. నాకు మాత్రం బొగ్గు పొగ, పట్టుగూళ్ళ పచ్చివాసన కలిసి ముక్కుకు తగిలాయి.

డెబ్బైల చివర్లో బెంగళూరు వైపు నుంచి ఇరుకు పట్టాల మీద వచ్చే ఆ చిన్న బండి గుర్తుందా? ఆలస్యమయ్యేవాళ్ళు ఇంట్లో ఒక పిల్లను ముందుగా స్టేషన్‌కు పంపేవాళ్ళు. ఆ పిల్ల ఒక కాలు ప్లాట్‌ఫారం మీద, ఒక కాలు పెట్టె మెట్టు మీద పెట్టి నిలబడితే గార్డు జెండా ఊపేవాడు కాదు. అది మా ఊరి కట్టుబాటు.

ఒకరోజు ఆ పని నాకు పడింది. అవ్వ పెంచిన పట్టుగూళ్ళు ఆ రోజే శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్‌కు చేరాలి. ఇంకొక్కరోజు ఆగితే లోపలి పురుగు రెక్కలొచ్చి, పట్టుచిలకై గూడు చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది, దారం తెగి నెల కష్టం వృథా.

“ఇంకా ఎవరమ్మా వచ్చేది ఉండాది?” గార్డు విసుక్కున్నాడు.

“మా అవ్వ ఒకతే సార్!” అన్నాను, మెట్టు మీది కాలు తీయకుండానే.

అంతలో గంపతో అవ్వ పరుగున వచ్చింది. ఆమె వెనక సగం వీధి!

“ఒకతే అంటివి కదమ్మా?” అని గార్డు నన్నడిగాడు.

“నేనొకదాన్నే అప్పా! నన్ను చూసి వీళ్ళూ పరిగెత్తితే నేనేం చేసేది?” అంది అవ్వ.

గార్డు పకపకా నవ్వి తనే గంపకు చెయ్యేశాడు. గూళ్ళు ఆ మధ్యాహ్నమే అమ్ముడుపోయాయి.

రేపు పొద్దున మా అమ్మాయిని రైల్లోనే ఆ స్టేషన్‌కు తీసుకెళ్తున్నాను. ఇప్పటి బండి ఎవరి కోసమూ ఆగదట, అందుకే ఐదింటికే అలారం పెట్టాను.