వర్జిల్ బండికి రెండున్నర అంగుళాలు

వర్జిల్ మల్లిన్స్‌కి భయం. దేనికని అడగకండి, పొద్దుగూకేలోగా ఆ జాబితా పూర్తికాదు. ప్యాంటు జారుతుందేమోనని బెల్టూ, ఆ బెల్టు తెగుతుందేమోనని భుజాల పట్టీలూ కలిపి వేసుకునే మనిషి. కెంటకీ కొండల్లో ఎలుగుబంటికి భయపడితే ఎవరూ ఏమీ అనరు. ఈయన, తనని చూసి జడుసుకున్న ఎలుగుబంటి దారి తప్పితే ఏమవుతుందోనని కూడా భయపడేవాడు.

అలాంటివాడు తన పికప్ బండి ఎత్తు పెంచాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. పోయినేడు జూన్‌లో మొదలుపెడితే, మళ్ళీ మే వచ్చినా తెగలేదు.

ఆ ఆలోచనంతా భరించింది బావమరిది రోండల్. వాగు పక్కన రేకుల షెడ్డులో బండ్లు బాగుచేస్తాడు. తన బండిని ఆరంగుళాలు లేపుకుని ఊరందరి నెత్తుల మీదుగా చూస్తూ తిరిగే రకం. రోజూ వర్జిల్ వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని మొదలుపెట్టేవాడు. లేపితే గతుకుల్లో అడుగు తగలదు, నిజమే. కానీ మలుపులో బోల్తా కొట్టదూ? బ్రేకు వేశాక ఇంకాస్త దూరం పోదూ? ఇరుసు కీళ్ళు అరగవూ? దీపాలు ఎదురొచ్చేవాడి కళ్ళలో కొట్టి వాడు వాగులో పడితే, వాడి పిల్లలకి దిక్కెవరు?

"వాడికింకా పెళ్ళే కాలేదనుకో బావా," అన్నాడు రోండల్ ఓసారి.

"అయితే మరీ ఘోరం. పెళ్ళైనా కాకుండా పోయాడు పాపం."

ఇది చాలదన్నట్టు కొలత టేపు జేబులో వేసుకుని తిరిగేవాడు. చర్చి మెట్లు కొలిచాడు. మంగలి కుర్చీ కొలిచాడు. ఓమా పెద్దమ్మ ఇంటి వరండా మెట్లయితే మూడుసార్లు కొలిచాడు. ఎత్తంటే భయం కదా, కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటున్నాడని జనం నవ్వుకున్నారు.

ఓమా, రోండల్ వాళ్ళమ్మకి అక్క. ఎనభయ్యారేళ్ళు. ఏటా మే నెల చివరి ఆదివారం బంధువులంతా కొండెక్కి సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే భోంచేసి దిగుతారు. వానలకి ఆ దారి కోసుకుపోయి మామూలు బండ్లు గోతుల్లో కూలబడుతున్నాయి. రెండేళ్ళుగా ఓమా తన మొగుడు హోబర్ట్ సమాధి చూడలేదు. పోయినేడు రోండల్ తన ఎత్తు బండిని వరండా ముందుకి తెచ్చాడు. "ఇందులోకి ఎక్కాలంటే రెక్కలు రావాలి. అవొస్తే నీ బండెందుకురా?" అందామె. సాయం చేయబోతే చేతిలోని పూలగుత్తితో ఒక్కటి వేసి, నా కోసం ఎవరూ ఏమీ చేయక్కర్లేదని తలుపు వేసుకుంది.

ఈసారి ఆ ఆదివారానికి ఇంకా మూడు రోజులుందనగా వర్జిల్ షెడ్డుకి వచ్చి తేల్చేశాడు. రెండున్నర అంగుళాలు. మూడు వద్దు, రెండూ వద్దు. ఇది బండి లేపడం కాదు, మునివేళ్ళ మీద నిలబెట్టడమని రోండల్ వెక్కిరించాడు. వర్జిల్ పట్టించుకోలేదు. స్ప్రింగులు మారుస్తున్నంతసేపూ పక్కనే నిలబడి ప్రతి బోల్టూ రెండుసార్లు బిగింపజేశాడు.

ఆదివారం ఓమా వరండా ముందు బండి ఆపి, సమాధి మాటే ఎత్తలేదు.

"అత్తయ్యా, ఆ దారంటే నాకు గుండె దడ. పక్కన పెద్దవాళ్ళు లేకపోతే నడపలేను."

ఓమా తిట్టింది. తిడుతూనే టోపీ పెట్టుకుంది. తిడుతూనే తలుపు పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా సీట్లోకి ఎక్కేసింది.

వెనక తొట్టిలో పూలకుండీలతో, వేయించిన కోడితో కూర్చున్నాడు రోండల్. సగం కొండ ఎక్కేసరికి దారి సన్నబడింది. ఎడమవైపు నేల లేదు, చెట్ల కొసలు కిందెక్కడో ఉన్నాయి. చక్రం రాయి మీంచి జారి బండి ఆ వైపుకి ఒరిగింది. ఆరంగుళాల ధైర్యవంతుడు రోండల్ కుండీని కావలించుకున్నాడు. తెరిచి ఉన్న వెనక కిటికీలోంచి చూస్తే ఓమా రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అత్తయ్యా, నా చొక్కా గట్టిగా పట్టుకోండి. వదిలారంటే నేను దూకేస్తాను," అన్నాడు వర్జిల్.

"దూకుతాడట, దూకుతాడు. దారి చూసి నడుపు. నేనున్నాగా."

ఆ మాట అంటూండగానే ఆమె కళ్ళు తెరిచి, తలుపు వదిలి వర్జిల్ చొక్కా పట్టుకుంది. రోండల్‌కి అప్పుడు వెలిగింది. దాదాపు ఏడాదిగా బావ కొలిచింది మెట్లు కాదు, ఈవిడ కాలు ఎంత ఎత్తు లేస్తుందో. నీ కోసమే అని ఉంటే తలుపు మళ్ళీ మూసుకునేది. అందుకని ఊరి వెక్కిరింతలన్నీ తన నెత్తినే వేసుకున్నాడు.

పైన ఓమా గంటసేపు హోబర్ట్ పక్కన కూర్చుంది. భోజనాల దగ్గర మాత్రం అందరికీ ఒకటే కథ. "నేను లేకపోతే ఈ అల్లుడు సగం దారిలోనే గుండె ఆగి పోయేవాడు. పై ఏడు కూడా వీడి కోసం రాక తప్పేట్టు లేదు."

రోండల్ బావని పక్కకి లాగి, నిజంగా భయపడ్డావా, నాటకమా అని నెమ్మదిగా అడిగాడు.

వర్జిల్ కోడికాలు నములుతూ, తామొచ్చిన దారివైపు చూశాడు.

"ఎక్కేటప్పుడు కొంత నాటకమేరా. దిగడానికి మాత్రం నిజంగానే ఆవిడ కావాలి."