శాంతక్క తుడిచిన పసుపు

ఆయుధపూజ వెళ్ళిన మర్నాడు నా అంగట్లో ఏ కంప్యూటర్ డబ్బా విప్పినా తడిపసుపు వాసన గుప్పుమంటుంది. కౌల్ బజార్ ఆటోల మోతలో కూడా ఆ వాసన తగిలిందంటే చాలు, శాంతక్క వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. నాకు పని నేర్పింది ఆవిడే. ఇదే వీధిలో ఆవిడకు కంప్యూటర్ రిపేరు అంగడి ఉండేది. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది.

అప్పట్లో కంప్యూటర్లోనే టీవీ చూసుకోవడానికి ట్యూనర్ కార్డు వేయించుకునేవారు. తెక్కలకోటలో లారీలు నడిపించే బసప్ప ఇంట్లోనూ మేమే వేశాం. ఆయుధపూజ మర్నాడే ఆయన నుంచి ఫోను: బొమ్మ నిండా చుక్కలు, చారలు! ఆ సాయంత్రం లోకల్ కేబుల్లో వాళ్ళ పాప నాట్యం రాబోతోంది, దాన్ని కంప్యూటర్లో రికార్డు చేసి దాచుకోవాలని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు.

నేను ముందు వెళ్ళి వైరు మార్చాను, ఛానళ్ళు మళ్ళీ వెతికించాను. ఊహూ. అదే వైరు టీవీకి తగిలిస్తే బొమ్మ అద్దంలా వచ్చింది. ఇక కార్డే పోయిందనుకుని శాంతక్కకు ఫోన్ చేశాను. బసప్ప అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "దీన్ని ఎవురు ముట్టుకున్న్యారు? చెప్పండి!" అని అరుస్తుంటే, వాళ్ళమ్మ గంగవ్వ వంటింటి గడపలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయింది.

శాంతక్క బస్సు దిగి వచ్చి, డబ్బాను వెనక్కి తిప్పి, కేబుల్ ఊడదీసి, అది తగిలించే కార్డు పిన్నులో దూది తిప్పి వాసన చూసింది. నా ముక్కు దగ్గరా పెట్టింది. పసుపు! లారీలకు పూసినట్టే అవ్వ ఆ పిన్నులకూ భక్తిగా పూసింది, తడి లోపలికి దిగింది. నేను నోరు తెరవబోతే శాంతక్క నా కాలు తొక్కింది, అదీ మడమతో.

"ఏమయ్యిండాదక్కా?" అన్నాడు బసప్ప.

"ఏం లేదప్పా, పిన్నులో కసువు చేరిండాది. లారీలు తిరిగే ఇల్లు, దుమ్ముకేం కరువు?" అంటూ దూదితో శుభ్రంగా తుడిచి బిగించింది. బొమ్మ తేటగా వచ్చింది.

తర్వాత వంటింట్లో మజ్జిగ తాగుతూ శాంతక్క మెల్లగా అంది: "అవ్వా, వచ్చే పండక్కి బొట్టు ముందరపక్క పెట్టు. ఎనకాల చీకట్లో పెడితే దేవునికి యాడ కనపడ్తాది?"

అవ్వ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. సాయంత్రం నాట్యం ఒక్క చుక్క లేకుండా రికార్డయ్యింది. అవ్వ తెర ముందు మెటికలు విరిచి మనవరాలికి దిష్టి తీసింది. నాకెంత హాయిగా అనిపించిందో!

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను: "నిజం చెప్పేస్తే పోయేది కదక్కా?"

"మనల్ని పిలిచింది బొమ్మ బాగు చేయనీకప్పా. ఇంట్లో కొట్లాట పెట్టనీకి కాదు."

ఈ ఉదయం ఒకాయన కంప్యూటర్ మోసుకొచ్చాడు, వెనకే వాళ్ళమ్మ. డబ్బా విప్పగానే అదే వాసన. "ఏమైందప్పా?" అన్నాడాయన చిరాగ్గా. ఆమె కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది.

"దుమ్ము" అన్నాను.

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది.