విడపనకల్లు పందెంలో నాలుగో సైకిల్

విడపనకల్లులో జరిగే సైకిల్ పందేనికి ఎలా వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి అని ఇద్దరు ముగ్గురు అడిగారు. చూసి రావడానికే అయితే నాలుగు మాటల్లో చెప్పొచ్చు. నేను వెళ్ళింది తొక్కడానికి. ఆడపిల్లలు రాకపోవడమే మంచిదని అక్కడినుంచి కబురు వచ్చింది కాబట్టి, తప్పకుండా వెళ్ళాలనుకున్నాను.

మాది బుక్కరాయసముద్రం జట్టు. ఖాదర్ అన్నకు చెరువు కట్ట దగ్గర సైకిల్ అంగడి ఉంది. సూరి ఇంటింటికీ పాలు పోస్తాడు. ఓబులేసుది ముదిగుబ్బ. వేరుశనగ పంట ఇంటికి చేరాక, మళ్ళీ వాన పడేదాకా ఇక్కడ అక్కగారింట్లో ఉండి మిల్లులో మూటలు మోస్తాడు. నాలుగోది నేను. అనంతపురం కాన్వెంటులో చదువుకున్నాను. ఇప్పుడొక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతాను. గొంతు పెంచకూడదని సిస్టర్లు నేర్పారు. వాళ్ళు నేర్పిన వాటిలో నాకు పూర్తిగా వంటబట్టింది అదొక్కటే.

నన్ను జట్టులోకి తెచ్చింది గాలి. చెరువు కట్ట మీద పొద్దున్నే ఎదురుగాలి తోసేస్తుంది. ముగ్గురు మగవాళ్ళు వరసగా తొక్కుతుంటే చివరివాళ్ళ వెనక చక్రానికి దగ్గరగా తొక్కితే కాలేజీకి తేలిగ్గా చేరొచ్చని నేను కనుక్కున్నాను. నెల రోజులు అలాగే వెళ్ళాను. ఒకరోజు ఖాదర్ అన్న సైకిల్ ఆపాడు.

"ఏం చెల్లే, దినామూ మా ఎనకాలే వస్తాండావు. మేమెంత తొక్కినా విడిచిపెట్టవు. ఏంటికి?"

"గాలి తగలదని" అన్నాను.

ఆయన సూరి వైపు తిరిగి నవ్వాడు. "చూసినావా? నీకు మూడేండ్లు చెప్పినా రాలేదే, అది ఈ పాపకు ఎవరూ చెప్పకనే వచ్చింది." వాళ్ళ నాలుగో మనిషి అప్పుడే బెంగళూరుకు కట్టడం పనికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి నేను వచ్చాను.

మా పందేల కాలానికి క్యాలెండర్ లేదు. వేరుశనగ ఇళ్ళకు చేరాక మొదలవుతుంది, మొదటి మంచి వానకు ముగుస్తుంది. వాన పడితే తొక్కేవాళ్ళలో సగం మంది విత్తనానికి వెళ్ళిపోతారు. ఇక్కడి జట్టు పందేల్లో ఒక నియమం ఉంది. నలుగురిలో చివర వచ్చినవాళ్ళ టైమే జట్టు టైము. ముగ్గురు ఎంత వేగంగా వచ్చినా లాభం లేదు. అందరిలోకీ మెల్లగా తొక్కేది నేనే కాబట్టి, ఈ ఏడాదంతా మా జట్టు టైము నా టైమే. మొదట్లో ఆ మాట తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. ఖాదర్ అన్న నన్ను రెండో స్థానంలో పెట్టాడు. ఎదురుగాలిలో ముందున్నవాళ్ళ అరుపు వెనక్కి వినిపిస్తుంది, వెనక ఉన్నవాళ్ళ అరుపు ముందుకు పోదు. మెల్లగా తొక్కేవాళ్ళు చివర ఉంటే, వాళ్ళు జారిపోయిన సంగతి మిగతావాళ్ళకు తెలిసేది గమ్యం దగ్గరే.

బరువు తగ్గాలని ఆయన అన్ని సైకిళ్ళ గంటలూ ఊడదీశాడు. నా గంట మాత్రం నేను తీయనివ్వలేదు. అరవడం రాని మనిషికి గంటైనా ఉండాలి కదా. ఒకసారి కొడితే "జారిపోతున్నాను, ఆగండి" అని. మొదట సూరి ఎగతాళి చేశాడు. "ఐస్‌క్రీము బండి వస్తాండాది, పక్కకు జరగండి!" అనేవాడు. ముదిగుబ్బ పందెంలో ఆ గంట విని మూడుసార్లు వేగం తగ్గించాక ఎగతాళి మానేశాడు. ఆ పందెంలో మేము ఆఖరు. మా ఊరి కట్ట మీద జరిగిన పందెంలో మూడో స్థానం. ఇంక మిగిలింది విడపనకల్లు.

అనంతపురం బస్టాండులో తెల్లవారుజామున ఐదున్నరకు ఉరవకొండ మీదుగా బళ్ళారి పోయే బస్సు ఎక్కాం. మనిషికి టికెట్టు నలభై రూపాయల లోపే. సైకిల్ పైన వేస్తే దానికి సగం టికెట్టు కొడతారు. సైకిళ్ళు మనమే పైకెక్కించి కట్టుకోవాలి, తాడు వెంట తీసుకెళ్ళండి. కండక్టరు నా వైపు చూసి, "ఈ పాప సైకిల్ ఎవరిదన్నా?" అని ఖాదర్ అన్నను అడిగాడు.

"పాప సైకిల్ పాపదేనప్పా. ఇంకెవరిదైతాది?"

కూడేరు దాటాక తెల్లారింది. ఎర్రనేల, పేడ ఎరువు చల్లి దున్ని పెట్టిన చేలు, ఒక్క మొక్కా లేదు. విత్తనం ఇళ్ళల్లో సిద్ధంగా ఉంది, వాన లేదు. ఓబులేసు కిటికీలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ చూడలేదు. ఉరవకొండలో బస్సు పావుగంట ఆగుతుంది. బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి, పదిహేను రూపాయలకు కడుపు నిండుతుంది. బజ్జీలు వేసే ఆమె మా సైకిళ్ళను చూసి నన్ను అడిగింది.

"నువ్వూనా పందేనికి?"

తలూపాను.

"అయితే ఇంకోటి తిను. ఆడ గాలి మనుషుల్ని ఎగరగొడతాండాది." అడక్కుండానే నా ఆకులో ఇంకో బజ్జీ వేసింది.

ఉరవకొండ దాటితే నేల రంగు మారిపోతుంది. ఎరుపు పోయి నల్లరేగడి వస్తుంది. ఎనిమిదింటికి విడపనకల్లులో దిగాం. రోడ్డు పక్క షామియానా, మైకు ఉన్నాయి. గెలిచిన జట్టుకిచ్చే పొట్టేలును కొమ్ములకు పసుపు పూసి కట్టేశారు. ఆరు జట్లు వచ్చాయి. పందెం నడిపించే పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

"ఖాదరూ, కబురు పంపినాను గదా. ఆడపిల్లను లెక్కలోకి తీసుకోము. ఆ పాప పోతే మీరు ముగ్గురు. ముగ్గురు జట్టు గాదు."

"మా ఊర్లో తీసుకున్నారు, ముదిగుబ్బలో తీసుకున్నారు" అన్నాడు ఖాదర్ అన్న.

"ఆ ఊర్లు వేరే. నడి రోడ్డులో పడి చెయ్యి ఇరిగితే రేపు మమ్మల్ని అంటారు."

"మాకు ఇరిగితే అనరా?" అన్నాడు సూరి.

"ఏమప్పా, వాదిస్తావే! రోడ్డు నాది గాదు, తొక్కుతానంటే తొక్కుకోనీ. రంగు మాత్రం ముగ్గురికే."

రంగు అంటే ఏమిటో చెప్పాలి. ఇక్కడినుంచి కర్ణాటక సరిహద్దు దాకా తొక్కి, తిరిగి రావాలి. సరిహద్దు దగ్గర గొర్రెల కాపరి ఒకాయన మట్టికుండతో కూర్చుని ఉంటాడు. గొర్రెలు మందలో కలిసిపోకుండా వీపు మీద గుర్తుకు పూసే ఎర్రరంగు అది, నూనెలో కలిపింది. ఆయన తన చేయి ముంచి ఒక్కొక్కరి భుజం మీద చరుస్తాడు. ఆ గుర్తుంటేనే సగం దారిలోంచి వెనక్కి తిరగలేదని నమ్ముతారు. గుర్తు లేని మనిషి లెక్కలో లేనట్టే.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను వద్దంటే మానేసేవాళ్ళు, బస్సెక్కి ఇంటికి వచ్చేవాళ్ళం. అది తెలిసే వద్దనలేదు. సైకిల్ తీసుకెళ్ళి సున్నపు గీత దగ్గర నిలబెట్టాను. ఖాదర్ అన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ నా వెనక చేరారు.

వెళ్ళేటప్పుడంతా ఎదురుగాలి. బజ్జీలామె చెప్పింది నిజం. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ముందున్నవాళ్ళు పక్కకు తప్పుకుని వెనక్కి పోతారు, వెనకవాళ్ళు ముందుకొస్తారు. నేను ముందుకు వెళ్ళను, రెండో స్థానం వదలను. మూడో రాయి తర్వాత సూరి ముందుకొచ్చాడు. పెద్దాయన మీద కోపమంతా తొక్కుడులో చూపించాడు. వాడి చక్రం నాకు దూరమైపోతోంది. గంట కొట్టాను. తగ్గించాడు. మళ్ళీ మరిచిపోయాడు, మళ్ళీ కొట్టాను. సరిహద్దుకు మేం నాలుగో జట్టుగా చేరాం. విడపనకల్లు వాళ్ళు అప్పటికే తిరిగి పోతున్నారు.

కాపరి తాత ముగ్గురి భుజాలమీదా చరిచి, నా దగ్గర చేయి ఆపాడు.

"నీకు ఏయొద్దన్నారు పాపా."

నేను సైకిల్ దిగాను. కుండలో చేయి పెట్టాను, మణికట్టు దాకా. ఎడమ భుజం మీద నేనే గట్టిగా చరుచుకున్నాను. తెల్ల చొక్కా. ఐదు వేళ్ళూ పడ్డాయి.

తాత అప్పటికే పడమటి వైపు తిరిగి మబ్బు చూస్తున్నాడు. "నేను ఏయలేదు. నాకేం తెల్దు. నా కండ్లు ఇటు ఉండాయి" అన్నాడు. తర్వాత ఇంకా అటే చూస్తూ, "బిర్నే పోండి, వస్తాండాది వాన" అన్నాడు.

వెనకగాలితో వస్తుంటే మమ్మల్ని తరుముతూ వాన వచ్చింది. మొదట పెద్ద చినుకులు, తర్వాత ఏమీ కనిపించనంత. రోడ్డు పక్కన పందెం చూడ్డానికి నిలబడిన జనం ఒక్కసారిగా చేలోకి పరుగెత్తారు. మా కంటే ముందున్న రెండు జట్లూ సైకిళ్ళను గట్టు మీద పడేశాయి. వాళ్ళలో ఒకడు తన చేలోకి దిగి, తడి ఎంత లోతుకు దిగిందో వేలు గుచ్చి చూస్తున్నాడు. ఇంకొంచెం దూరంలో విడపనకల్లు జట్టువాళ్ళ సైకిళ్ళు రెండు, పక్కపక్కనే, మనుషులు లేకుండా పడి ఉన్నాయి. గెలుస్తున్న పందెం వదిలి వెళ్ళారు. సరైన వాన లేని ఆ నేలను రెండేళ్ళుగా చూసినవాళ్ళు ఎవరూ వాళ్ళను తప్పు పట్టరు.

ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఓబులేసు ఆగిపోయాడు. కాలు కింద పెట్టి దక్షిణం వైపు చూస్తున్నాడు.

"మా ముదిగుబ్బలో గూడా పడతాందేమో అన్నా. బళ్ళారి నుంచి వచ్చే బస్సు ఇట్లే పోతాది. చెయ్యెత్తితే ఆపుతాడు. ఇప్పుడెక్కితే రాత్రికి ఇల్లు చేరతా, పొద్దున్నే విత్తనం ఎయ్యచ్చు."

సూరి తన చిన్న ఫోను తీసి చూశాడు. సిగ్నలు లేదు. "ఆడ పడిందో లేదో ఎట్ల తెలుస్తాదిరా? మన జిల్లాలో వాన ఒక వీధిలో పడితే ఇంకో వీధిలో పడదు."

"పడింటే? నేలలో పదును ఆరిపోతే నాకెవురిస్తారు?"

ఖాదర్ అన్న ఏమీ ఆజ్ఞాపించలేదు. "నీ ఇష్టమప్పా. నీ చేను" అన్నాడు.

ఓబులేసు వెళితే మేం ముగ్గురం. ముగ్గురు జట్టు కాదు. పెద్దాయన మాటే నిజమవుతుంది, అదీ నా వల్ల కూడా కాదు. బతిమాలడం న్యాయం కాదు. చేయి గంట మీద ఉంది. ఒక్కసారి కొట్టాను.

ఆ వానలో అది ఎంత చిన్నగా వినిపించిందో! ఓబులేసు నా వైపు తిరిగాడు. ఏడాదంతా ఆ గంట విని ఆగినవాడు. కొంచెంసేపు నా భుజం మీది రంగును చూశాడు, తర్వాత నవ్వాడు.

"సరే లే పాపా. నాలుగు కిలోమీటర్లకు ఆరిపోయే పదునైతే అది పదునే గాదు. పదండి."

గమ్యం దగ్గర సున్నపు గీత కొట్టుకుపోయింది. షామియానా ఒక పక్క కూలింది. కుర్చీలున్నాయి, మనుషులు లేరు. టైము చూసేవాళ్ళు లేరు. పొట్టేలు టీ అంగడి చూరు కింద నిలబడి తడి విదిలించుకుంటోంది. గీత ఉండాల్సిన చోట నలుగురం ఒక వరసలోకి వచ్చాం, పక్కపక్కన, ఎవరూ ముందు కాకుండా. అలా దాటాం. మాకంటే ముందు ఎవరూ రాలేదు. మా తర్వాతా ఎవరూ రాలేదు.

టీ అంగడి ఆమె పొయ్యి ఆరిపోకుండా రేకు అడ్డంపెట్టి కూర్చుని ఉంది. మమ్మల్ని ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని పైకే లెక్కపెట్టి, నాలుగు గ్లాసులు కడిగింది.

టీ తాగుతుండగా పెద్దాయన వచ్చాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది, కాళ్ళకు నల్లమట్టి. ఆయనా చేలోకే పోయాడు. నా భుజం చూసి ఆగాడు.

"నీకెవరేసినారు?"

"నేనే వేసుకున్నాను" అన్నాను. గొంతు పెంచలేదు. వినిపించింది.

ఆయన పొట్టేలు వైపు చూశాడు. "వాన పడింది. పందెం లేదు. ఎవరికీ ఏమీ లేదు."

"పందెం లేకుంటే లేదు లే" అంది టీ అంగడి ఆమె. "వచ్చినోళ్ళు నలుగురూ వచ్చినారు. నేను చూసినా. ఎవురన్నా అడిగితే నన్నడగమను."

ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు. "వచ్చే ఏడు రంగు కొంచెం ఎక్కువ కలపమనండి సామీ. నలుగురికి సరిపోవల్ల."

పెద్దాయన కూలిన షామియానా వైపు నడిచాడు. వద్దని మాత్రం అనలేదు.

ముదిగుబ్బలో ఆరోజు చినుకు పడలేదు. పది రోజుల తర్వాత పడింది. ఓబులేసు విత్తనానికి వెళ్ళిపోయాడు, మా పందేల కాలం అయిపోయింది. గెలిచామా అని లైబ్రరీలో అడిగారు. లేదన్నాను. ఓడిపోయారా అన్నారు. అదీ లేదన్నాను. ఏమైంది మరి అంటే, నలుగురం చేరాం అన్నాను. వాళ్ళకది జవాబులా అనిపించలేదు. నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు, వెతకడమూ లేదు. ఇంకొకరు ఒప్పుకున్నాకే రోడ్డెక్కాలనుకుని ఉంటే, నేను ఈపాటికి సరిహద్దు దాకా కాదు, మా చెరువు కట్ట దాకా కూడా వెళ్ళి ఉండేదాన్ని కాదు. వచ్చే ఏడూ వెళ్తాం. రంగు వేస్తే వేయించుకుంటాను. వేయకపోతే కుండ ఎక్కడుంటుందో నాకు తెలుసు.

మీరూ తొక్కడానికి వెళ్తే ఒక్క సలహా. పాత చొక్కా వేసుకోండి. గొర్రెకు బొచ్చు కత్తిరించేదాకా ఆ రంగు నిలుస్తుందట. నాది మా అమ్మ నాలుగుసార్లు ఉతికింది. ఐదు వేళ్ళూ అలాగే ఉన్నాయి.