కొలిమి ఎక్కని గొడ్డలి

ఈ నెల మొదట్లో ఒక సోమవారం పొద్దున మా మామ పోయాడు. చాయ్ తీసుకుపోయి లేపాను, లేవలేదు. తల దగ్గర దీపం పెట్టి, చుట్టాలకు కబురు పంపి, ఆయన పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. చేయవలసినవన్నీ అయ్యాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు కాస్త తీరిక దొరికి రాస్తున్నాను.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. దేవరకొండ దాటి డిండి వైపు పోతుంటే వచ్చే ఒక చిన్న ఊళ్లో గొర్రెలు కాసుకుని బతికిన మనిషి. నాకు రెండు వరసల మామ. మా అమ్మకు అన్న, నా భర్తకు తండ్రి. చివరి ఏళ్లు మంచంలోనే గడిచాయి. నేనే స్నానం చేయించేదాన్ని, నేనే తినిపించేదాన్ని. గ్లాసు మాత్రం తనే ఎడమ చేత్తో పట్టుకునేవాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి, ఎవరిదో వస్తువు ఒళ్లో పెట్టుకున్నట్టు ఉండేది. ఆ చెయ్యి గురించే చెప్పాలి.

పదో తరగతి అయిన ఏడాదే నన్ను ఆ ఇంటికి కోడలుగా పంపారు. అప్పటికి నాగార్జునసాగర్ కాలువల పని సాగుతోంది. నా భర్త అక్కడ కూలికి పోయి, పండగకో పబ్బానికో వచ్చేవాడు. ఇంట్లో మామ, అత్తమ్మ, నేను, దొడ్లో గొర్రెలు. చదువుకున్న పిల్ల గొర్రెల ఇంట్లో ఏం ఇముడుతుందని మా అమ్మకు బెంగ. మామ మాత్రం నేను వచ్చిన కొత్తలోనే, "నీ మాట మెల్లగుంటది బిడ్డా, గొర్లకు గసొంటి మాటనే నచ్చుతది" అన్నాడు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

ఆ ఎండకాలం చివర ఆయన దిరిసెన చెట్టు మీది నుంచి పడ్డాడు. మా వైపు ఎండలు ముదిరితే గడ్డి పోచ ఉండదు. కాపరులు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతారు. దారి పొడవునా గొర్రెలకు తిండి అంటే చెట్ల ఆకే. కాపరి చెట్టెక్కి గొడ్డలితో మండలు దింపుతాడు, మంద మేస్తుంది. మండ దింపలేని మనిషి మందను కదిలించలేడు. పడినప్పుడు విరిగిన మణికట్టుకు కట్టు కట్టించాం. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. వేళ్లు సగం దాకానే ముడుచుకునేవి.

నా భర్త వచ్చి చూసి, "అమ్మేద్దాం నాయినా. కాలువ కాడ కట్టిన రాళ్ల మీద నీళ్లు పోసే పని ఇప్పిస్త, కూసోని తినొచ్చు" అన్నాడు.

"గొర్లకు నీళ్లు చూపిచ్చినోన్ని, రాళ్లకు పొయ్యాల్నారా?"

అత్తమ్మ కొడుకు వైపే ఉంది. "రాళ్లైతే తప్పిపోవు, రోగాలు రావు. నా కాళ్లు గుంజుతున్నయి, నాతోని గాదు ఇగ" అంది. ఆమె చెప్పిందీ నిజమే. ఆయన పడినప్పటి నుంచి మంద వెంట తిరుగుతున్నది ఆమే.

మామ వంకర మణికట్టును ఎడమ చేత్తో ఒత్తుకున్నాడు. చివరికి, "శివరాత్రి దాకా ఆగుండ్రి. గప్పటికి నా చేత్తోని మండ దింపకపోతే గొర్లు కొనే బేపారిని మీరే పిలువుండ్రి. నేను అడ్డం రాను" అన్నాడు. ఆ మాట మీదే ఆ ఏడు చలికాలమంతా గడిచింది.

ఆయన గొడ్డలి తండ్రి ఇచ్చినది. వెడల్పు అంచు, మందమైన ఇనుము, మంచి చేతికే బరువు. బరువు తగ్గితే చాలనుకుని మొదట కామను, అంటే పట్టుకునే కర్రను, సగానికి కోశాడు. పట్టుకోవడానికి తేలికైంది. కానీ కర్ర పొట్టిదైతే కొమ్మ దగ్గరికి పోవాలి, అంటే చెట్టెక్కాలి. ఆ చేత్తో ఎక్కడం ఎట్లా? రెండు రోజులు చెట్ల కింద తిరిగి ఉత్తచేతులతో ఇంటికి వచ్చాడు.

"గది గొడ్డలా? సొరకాయ కోసుకునే కత్తిపీటకు తమ్ముడా?" అంది అత్తమ్మ.

"నీ సొరకాయ కూడ తెగుతలేదు దీనితోని" అన్నాడు.

అప్పుడు ఆలోచన తిరగబడింది. కింద నిలబడే కొమ్మ అందాలి. పొడుగు వెదురు కర్ర కావాలి. పొడుగు కర్ర చివర బరువు ఉంటే వంకర చెయ్యి ఆపలేదు కాబట్టి ఇనుము చాలా చిన్నది కావాలి. గొడ్డలిని గోచీలో దోపుకుని కమ్మరి దగ్గరికి పోతుంటే, సద్దిమూట ఇవ్వడానికి నేనూ వెంట పోయాను.

"జర నిప్పుల పెట్టనియ్యి మామా. పొద్దు తిరిగేలోపల సగం ఇనుము తీసి చేతుల పెడత" అన్నాడు కమ్మరి.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త గొడ్డలిని మల్లన్న ముందు పెట్టి, పసుపు పూసి, మొదటి మండను దేవుని పేరు మీద నరుకుతారు. ఆ తర్వాత ఆ ఇనుము మళ్లీ నిప్పు చూడకూడదు. కామ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, అంచు మొద్దుబారితే రాతి మీద నూరుకోవచ్చు. కొలిమి మాత్రం ఎక్కకూడదు.

మామ గొడ్డలి ఇవ్వలేదు. కమ్మరి నవ్వాడు. "అయితే కొత్తది చేస్త తియ్యి."

"మరి దీన్నేం జెయ్యాలె? నాయిన ఇచ్చినదాన్ని మూలకు పడేసిన అని మల్లన్నకు జెప్పాల్నా?"

"దేవుడేమన్న తూకం వేస్తడా మామా?"

"తూకం వెయ్యడు గని, సూస్తడు."

మర్నాటి నుంచి పెరట్లో నల్లరాయి ముందు కూర్చున్నాడు. రాతి మీద తడి ఇసుక చల్లి, ఎడమ చేత్తో గొడ్డలి పట్టుకుని, కుడి మణికట్టుతో అదిమి రుద్దడం. ఇనుమును చల్లగానే అరగదీయాలని ఆయన పట్టుదల. పొద్దున గొర్రెలను అత్తమ్మకు అప్పగించి మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా అదే చప్పుడు. నేను నీళ్లు పోసేదాన్ని. నేను దేవుడి ముందు కూర్చున్నంతసేపు మాత్రం రుద్దడం ఆపేవాడు. నేను హారతి అద్దుకుని బయటికి వచ్చాకే మళ్లీ గరగర.

"ఓ మనిషీ, గీ సప్పుడుకు కోళ్లు గుడ్లు పెడుతలేవు!" అని మందను తోలుకుపోతూ అత్తమ్మ అరిచేది.

"శివరాత్రి దాకనే అని జెప్పు కోళ్లకు."

వారాలు గడిచినా ఇనుము తగ్గినట్టే కనిపించేది కాదు. ఒకరోజు ఆయన రుద్దడం ఆపి నుదురు మోకాలికి ఆనించుకుని ఉండిపోయాడు. మణికట్టు వాచి ఎర్రగా ఉంది. "అరగదేమో మామా" అన్నాను, ఆయన మీద జాలితో కాదు, నా ప్రాణం విసిగి. తల ఎత్తకుండానే, "అరుగుతది బిడ్డా. ఇనుమో నేనో, ఎవరో ఒకరం అరుగుతం" అన్నాడు. కాసేపటికి మళ్లీ ఇసుక చల్లుకున్నాడు. నాకు ఇప్పుడు యాభై ఏళ్లు. ఏ పనికైనా ఓపిక చచ్చిపోయిన రోజున నాకు నేను చెప్పుకునే మాట అదే.

మధ్యలో నాకు జ్వరం వచ్చి పడుకున్నాను. లేచి పెరట్లోకి వస్తే అత్తమ్మ రాతి మీద నీళ్లు పోస్తోంది. పోస్తూనే తిడుతోంది. "గట్టిగ రుద్దు. ఎండకాలం నీకోసం ఆగుతదా?" ఆ రోజు నుంచి నీళ్ల పని ఆమెదే అయింది. మందను నేను తోలుకుపోయేదాన్ని.

శివరాత్రి దగ్గరపడేసరికి రెండు పక్కల రెక్కలు అరిగిపోయి, అంచు నా అరచేయంత మిగిలింది. వెనక మందం కూడా సగమైంది. గట్టి వెదురు పొడుగ్గా కోసి, తొడిగి, కదలకుండా తుమ్మచెక్క చీల కొట్టాడు. పట్టుకునే చోట పాత గొంగడి పేలిక చుట్టాడు. అదే సాయంత్రం దొడ్డి పక్కన తుమ్మచెట్టు మీద మొదటి దెబ్బ వేశాడు. సగం ముడిచిన వేళ్లలో నుంచి కర్ర జారి గొర్రెల మధ్య పడింది. గొర్రెలు బెదిరి అటూ ఇటూ ఉరికాయి. ఆయన పోయి కర్ర తెచ్చుకుని గడపలో కూర్చున్నాడు. అత్తమ్మ వచ్చి ఆయన సగం ముడిచిన వేళ్లను అటూ ఇటూ వంచి చూసింది.

మర్నాడు అత్తమ్మ కదురు ముందేసుకుని కూర్చుంది. నల్ల ఉన్ని వడికి, మూడు పేటలు కలిపి పేనింది. ఆ తాడును ఉచ్చులా కర్రకు బిగించి, "పెట్టు చెయ్యి" అంది.

"ఏందిది? గొర్రెను కట్టేసినట్టు!"

"నువ్వు గొర్రెకన్న ఏం తక్కువ? నీ చెయ్యి పట్టకుంటే తాడు పడతది. పెట్టు."

శివరాత్రి జాగారం అయ్యి, మేము ఉపవాసం విడిచాక బేపారి వచ్చాడు. కబురు ఎవరు పంపారో ఎవరూ చెప్పలేదు. మందంతా తిరిగి చూసి, గొర్రెల పండ్లు చూసి, చెట్టు నీడన నిలబడ్డాడు. మామ ఉచ్చులో మణికట్టు దూర్చుకుని కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బ తగలలేదు. కర్ర గిర్రున తిరిగింది. తాడు ఆపింది.

"మామా, మండ గొడుతున్నవా, గాలిపటం ఎగరేస్తున్నవా?" అని బేపారి నవ్వాడు.

నేను లోలోపల జోగులాంబ తల్లిని తలుచుకుంటున్నాను. రెండో దెబ్బ కొమ్మ మొదట్లో పడింది. మూడోది అక్కడే పడింది. ఆయన నరకడం ఆపి, ఇనుమును కొమ్మకు తగిలించి కర్రను కిందికి గుంజాడు. కొమ్మ పూర్తిగా తెగలేదు. సగం చీలి, బెరడుతో చెట్టును పట్టుకునే వంగి, గొర్రెల నోళ్ల ముందుకు దిగింది. మామ ఎప్పుడూ కొమ్మను అట్లాగే దింపేవాడు. "చెట్టును అడుక్కోవాలె, గుంజుకోవద్దు" అనేవాడు. మందంతా కొమ్మ చుట్టూ మూగింది. పటపట ఆకు నమిలే చప్పుడు మొదలైంది.

"ఎండల పడి వచ్చిండు. బేపారికి చల్ల పొయ్యి బిడ్డా, పోతడు" అంది అత్తమ్మ.

బేపారి చల్ల తాగి, మూతి తుడుచుకుని, "గీ మంద ఇగ నాకు రాదు" అంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో ఎండకాలాలు మామ మందను తోలుకుపోయాడు. నా భర్త మళ్లీ ఎప్పుడూ అమ్మకం మాట ఎత్తలేదు. కానీ ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది ఆ ఏడాది మంద కదిలిన పొద్దే. తెల్లవారకముందే ఇద్దరూ బయలుదేరారు. మామ ముందు, నెత్తిన మూటతో అత్తమ్మ వెనక. నేను ఊరి బయటి దాకా వెళ్లి నిలబడ్డాను. ఎర్రటి దుమ్ము లేచి గొర్రెలను, మనుషులను కప్పేసింది. పొద్దు పొడుస్తుంటే ఆ దుమ్ము పైన అరచేయంత ఇనుము ఒక్కటే మెరుస్తూ, కాస్త ఊగుతూ, కృష్ణ వైపు మెల్లగా పోతూ ఉంది.