పలికితే పలక

మనుషుల్నే నమ్మి అరువివ్వని వాణ్ని, దయ్యాల్ని నమ్ముతానా? మార్కాపురంలో నాది చిన్న కిరాణా కొట్టు. అరువు లేదని గోడ మీద రాసుకున్నట్టే, దయ్యాలు లేవని మనసులో రాసుకుని ఇన్నేళ్లు బతికాను. ఆ రాత ఇప్పటికీ చెరపలేదు. కానీ కిందటేడు పట్టపగలు, ఆసుపత్రిలో, ట్యూబులైట్ల వెలుతురులో ఒకటి జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని మాత్రం అడగను. అరువు ఇవ్వనివాడు అరువు అడగకూడదు కదా.

నా గుండె చెడిపోయింది. పంపింగ్ బాగా పడిపోయిందన్నారు డాక్టర్లు. కాళ్లు వాచేవి. కొట్లోంచి ఇంట్లోకి నడిస్తే ఆయాసం. ఉప్పు మానేయమన్నారు. ఉప్పు మూటకు ఆనుకుని వ్యాపారం చేసేవాడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? అన్నిటికన్నా కష్టం పడుకోవడం. వెల్లకిలా పడుకుంటే నీళ్లలో మునిగినట్టుండేది. గోడకు దిండ్లు చేర్చి కూర్చునే నిద్రపోయేవాణ్ని.

మందులన్నీ వాడి చూశాక, హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. క్యాన్సర్‌కు వాడే రేడియేషన్‌ని తక్కువ మోతాదులో, ఒకేసారి గుండెకు ఇచ్చి చూస్తున్నారట. ఇంకా ప్రయోగమేనని, మేలు జరుగుతుందని మాట ఇవ్వలేనని, చెడు కూడా జరగొచ్చని దాచకుండా చెప్పింది. మాట ఇవ్వనన్న మనిషి మీదే నాకు గురి కుదిరింది.

ఇంట్లో ఎవరికీ కుదరలేదు. గిద్దలూరు నుంచి మా బామ్మర్ది దిగాడు.

"ఏంది బావా, కిరాణా కొట్టోనికి కిరణాల వైద్యమా? ఎలకలు, కుందేళ్లు అయిపోయినాయంట, ఇంక నువ్వే దొరికినావా వాళ్లకు?"

ఎలకలు నా కొట్లోనే కావలసినన్ని ఉన్నాయని, ఈ ఒక్క అవకాశం వాటికి వదలనని అన్నాను. భయం లేక కాదు. చావు తన తీరిక చూసుకుని వచ్చేదాకా దిండ్లకు ఆనుకుని ఎదురుచూడటం నా వల్ల కాలేదు. రావాలనుకుంటే అదే నా వెనక ఆయాసపడుతూ రావాలి.

అయితే ఒక చిక్కుంది. ఆ మిషన్ కింద వెల్లకిలా, కదలకుండా పడుకోవాలి. నాకు రానిది సరిగ్గా అదే. ముందు తీసే స్కానింగులో సగంలోనే ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చున్నాను. ఒంట్లో నీరు తగ్గడానికి ఇంజెక్షన్లిచ్చి, రెండోసారి ఎలాగో ముగించారు. వైద్యం నాడు కూడా అట్లా లేస్తే అక్కడితో ఆపేస్తామని, ఇక నన్ను తీసుకోవడం కుదరదని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన బడిపిల్లల రాతిపలకలు చేసే పనివాడు. రాయిని చీల్చే ముందు వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవొగ్గి వినేవాడు. లోపల బీట లేని రాయి ఖంగుమంటుంది. బీటున్నది దబ్బుమంటుంది. ఖంగుమంటే "పలుకుతాంది" అని తనలో తాను అనుకుని పనికి పెట్టుకునేవాడు. లేకపోతే పెంకుల గుట్ట మీదికి విసిరేవాడు. పలికితే పలక, పలక్కుంటే పెంకు. ఆయన చదువంతా అదే. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకు పలకలు చేయడం రాలేదు, పలక మీద రాయడమూ అంతంతమాత్రమే. అందుకే కిరాణా.

వైద్యం నాడు నన్ను పూసలు నింపిన సంచీ మీద పడుకోబెట్టారు. అందులోని గాలి లాగేస్తే అది నా వీపు ఆకారంలో గట్టిపడింది. అచ్చులో పోసిన బెల్లంలా ఉన్నాను. రెండు చేతులూ తల పైన ఉన్న కడ్డీని పట్టుకోవాలి. మిషన్ నడిపే అమ్మాయిది కాకినాడ వైపు. ఏదైనా ఇబ్బందైతే గట్టిగా పిలవమని, గదిలో మైకు, కెమెరా ఉన్నాయని చెప్పి బయటికి వెళ్లింది. మందపాటి తలుపు మూసుకుంది. లోపల నేనొక్కణ్నే.

మిషన్ నా చుట్టూ తిరగడం మొదలైంది. కాసేపటికి ఛాతీలో నీళ్లు నిండినట్టయింది. గొంతు దాకా వచ్చేసింది. ఇక లాభం లేదు, ఆపమని అరుద్దామని నోరు తెరిచాను.

అప్పుడు నా గుండె మీద ఎవరో తట్టారు. వేలి కణుపుతో, రెండుసార్లు. గట్టిగా కాదు, వినడానికి తట్టినట్టు. ఆ వెంటనే, నా చెవి పక్కన కాదు, ఛాతీ పక్కన, ఒక మాట.

"పలుకుతాంది."

తెరిచిన నోటితో అట్లాగే ఉండిపోయాను. ఊపిరి దానంతటదే సర్దుకుంది. మిషన్ ఆగేదాకా కదల్లేదు.

ఊపిరాడక ఏదో విన్నానని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి లోపలికొచ్చి, నా వంక కాక గది మూలలు చూసింది.

"అంకుల్, ఎవరో తట్టినట్టు మైకులో వినిపించిందండీ. మీరు చేతులు కదిపారేమోనని స్క్రీన్ చూశాను. కదపలేదు." మెల్లగా అడిగింది. "ఇంకో గొంతు కూడా వచ్చింది, పెద్దాయన గొంతు. పలుకుతాంది అంటే ఏంటండీ?"

మా వైపు మాటేనని చెప్పి, కడ్డీ పట్టుకున్న చేతులు అప్పుడు వదిలాను.

తర్వాత అక్కడి ఇంజనీరును అడిగాను. తిరిగే మిషన్‌లో ఇనుము అప్పుడప్పుడు చప్పుడు చేస్తుందన్నాడు. చేయనీ. కానీ ఇనుము మా యాస ఎక్కడ నేర్చుకుంది? నేనైతే ఆక్సిజన్ తక్కువై విన్నాననుకుందాం. బయట కుర్చీలో కూర్చున్న ఆ పిల్లకు ఏం తక్కువైంది?

మా మేనత్తది తర్లుపాడు. సంగతి విని నా చేతులు పట్టుకుంది. "మీ నాయన నిన్ను తోడు పిలుచుకోని పోను వచ్చినాడురా" అని ఏడ్చింది. దోర్నాల మీదుగా శ్రీశైలం పోయి దండం పెట్టుకు రమ్మంది.

"పలికిన రాయిని నాయన ఎప్పుడన్నా గుట్ట మీద పారేసినాడా అత్తా? పనికే కదా పెట్టుకుండేది."

అత్త కళ్లు తుడుచుకుని, టీ పెట్టమంది.

ఇప్పుడు కాళ్ల వాపు తగ్గింది. ఒక్క దిండుతో పడుకుంటున్నాను. ఇది కిరణాల పుణ్యమో, మందుల పుణ్యమో ఇప్పుడే చెప్పలేనంటుంది డాక్టరమ్మ. ఎంతకాలం ఉంటుందో కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు.

కొట్టు తెరిచాక, ఎవరూ చూడకుండా, వేలి కణుపుతో ఛాతీ మీద తట్టుకుని వింటాను. దబ్బుమనే వినిపిస్తుంది. నాకు నాయన చెవి రాలేదు. ఆ మూసిన గదిలోకి ఆయన ఎట్లా వచ్చాడో, అసలు వచ్చింది ఆయనేనో కాదో, ఇంతవరకు నాకు లెక్క తేలలేదు. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను.

గుట్ట మీదికి మాత్రం పోను. రాయి బాగుందని పనివాడు చెప్పి పోయాడు.